పాత ప్రాసెసర్ మార్చాలా?

ప్రశ్న: 2018లో కొన్న రైజెన్ 5 2600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, తర్వాత అమర్చిన ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో మా అబ్బాయి ఆడే కొత్త ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయి. కంప్యూటరే మార్చాలా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా లోపం ఎక్కడుందో తేల్చుకోండి. ఆట సెట్టింగుల్లో ఫ్రేముల (తెరపై వరుసగా వచ్చే చిత్రాల) పరిమితి, వీ-సింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టిపడేసే సెట్టింగు) తీసేసి, రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించినా సెకనుకు వచ్చే ఫ్రేములు పెరగకపోతే, ఆటంకం చాలావరకు ప్రాసెసర్ వద్దే ఉన్నట్టు. 1080లోనే గ్రాఫిక్స్ కార్డు వినియోగం 97, 98 శాతానికి చేరుతుంటే మాత్రం ప్రాసెసర్‌పై పెట్టే డబ్బు వృథాయే. ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే అలాంటిదే రెండోది జతచేసి చూడండి. ఆ చిన్న ఖర్చుతోనే కుదుపులు తగ్గవచ్చు.

కంప్యూటర్ మొత్తం మార్చనవసరం లేదు. మీ బోర్డుది ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ అమరే గూడు) కనుక, బయాస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 అందులోనే పనిచేస్తుంది, ఇప్పుడున్న డీడీఆర్4 ర్యామ్ కూడా పనికివస్తుంది. నా దృష్టిలో మీకు తగినది ఇదే. అయితే పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయాస్ అప్‌డేట్ పూర్తిచేయాలి. ఎండిపోయిన థర్మల్ పేస్టు (ప్రాసెసర్, కూలర్ మధ్య వేడిని చేరవేసే పూత) వల్ల కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా ఊడివచ్చి పిన్నులు వంగే ప్రమాదం ఉంది కనుక, కంప్యూటర్‌ను కాసేపు నడిపి వేడెక్కాక ఆపేసి, కరెంటు తీసి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి విడదీయమని మెకానిక్‌కు తప్పక చెప్పండి.