అమెరికా జట్టుకి ఆడబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

క్యాంపుకి పిలుపొచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మీ తాతయ్య వాకింగ్‌లో కనపడ్డ ప్రతివాళ్లకీ చెప్పేశారు. ఈ ఉత్తరం మాత్రం పెద్దమ్మగా కన్నా కోచ్‌గా రాస్తున్నాను, కాస్త కటువుగా ఉంటే సర్దుకో.

ఇక్కడ హైదరాబాద్‌లో ఒక అమ్మాయి ఇండియా టోపీ పెట్టుకోవాలంటే ఎన్ని మెట్లెక్కాలో నీకు తెలుసు. అక్కడ క్యూ చిన్నది. పైగా 2018 జూలై 1 నుంచి సభ్యదేశాల మహిళా జట్లు తమలో తాము ఆడే టీ20లన్నిటికీ ప్రపంచ క్రికెట్‌ని నడిపే ఐసీసీ అంతర్జాతీయ హోదా ఇచ్చింది. కాబట్టి ఇంటర్నేషనల్ ప్లేయర్ అన్న పేరు నీకు తొందరగానే రావచ్చు. అసలు తిప్పలు ఆ తర్వాతే. ఆడటానికి మ్యాచ్‌లు ఉండవు. ఒక టోర్నీకీ ఇంకో టోర్నీకీ మధ్య నెలల తరబడి ఖాళీ. చిన్న జట్టులో అమ్మాయి కెరీర్ ఆ ఖాళీలో ఏం చేసిందన్న దాని మీదే నడుస్తుంది.

బోర్డు చూసుకుంటుందిలే అనుకోకు. 2022 మేలో అమెరికా అమ్మాయిలకి వన్డే హోదా వచ్చింది, థాయ్‌లాండ్, స్కాట్లాండ్, నెదర్లాండ్స్, పపువా న్యూగినీలతో పాటు. 2025లో మీ చోటు యూఏఈకి పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఐసీసీ అమెరికా బోర్డునే సస్పెండ్ చేసింది. జట్లు ఆడుకోవచ్చన్నారు, అదొక్కటే నయం. ఇవేవీ నీ చేతిలో లేవు. వారానికి ఎన్ని ఓవర్లు వేస్తావన్నది మాత్రం ఉంది.

అందుకే మ్యాచ్‌లు నువ్వే వెతుక్కో. శని, ఆదివారాలు అబ్బాయిల లీగ్‌లో ఆడు. పదో నంబర్‌లో దింపి, రెండు ఓవర్లిచ్చి సరిపెడితే క్లబ్ మారు, మొహమాటపడకు. వేసవి సెలవుల్లో ఇంగ్లండ్ క్లబ్బులకి రాయి. అక్కడ సీజన్ అప్పుడే. ఏ వీసా మీద ఆడొచ్చో టికెట్ కొనకముందే కనుక్కో.

బౌలర్ తారా నోరిస్ సంగతి చూడు. ఫిలడెల్ఫియాలో పుట్టింది, క్రికెట్ నేర్చుకుని ఆడింది ఇంగ్లండ్‌లో, దేశం తరఫున ఆడింది అమెరికాకి. మన దేశంలో జరిగే మహిళల లీగ్ డబ్ల్యూపీఎల్‌లో తుది జట్టులోకి నలుగురు విదేశీయులనే తీసుకోవాలి, ఐదో మనిషి కావాలంటే అసోసియేట్ దేశం, అంటే అమెరికాలాంటి చిన్న క్రికెట్ దేశం నుంచి రావాలి. ఆ రూల్ వల్లే 2023లో ఢిల్లీ ఆమెను ఆడించగలిగింది. మొదటి మ్యాచ్‌లోనే బెంగళూరు మీద 29 పరుగులకి 5 వికెట్లు తీసింది, ఆ లీగ్‌లో ఎవరికైనా అదే తొలి ఐదు వికెట్ల ప్రదర్శన. అందరూ ఆ రూల్ అదృష్టం అంటారు. నా లెక్కలో రూల్ తలుపు తీసిందంతే. ఆ బౌలింగ్ ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి ఆడిన దేశవాళీ మ్యాచ్‌లలోంచి వచ్చింది.

పెద్ద టోర్నీలకి అర్హత తేల్చే క్వాలిఫయర్లలో ఇంకో సంగతి. ఓడిపోతున్న మ్యాచ్‌ని వదిలేయకు. గెలుపులు సమానమైనప్పుడు నెట్ రన్‌రేటే తేలుస్తుంది, అంటే ఓవర్‌కి మనం చేసిన పరుగులకీ ఇచ్చిన పరుగులకీ ఉన్న తేడా. ఓడినా ఇరవై ఓవర్లూ నిలబడి పరుగులు పోగేసిన జట్టుకీ, పన్నెండు ఓవర్లకే తక్కువ స్కోరుకి ఆలౌటైన జట్టుకీ చివర్లో చాలా తేడా వస్తుంది. బౌలర్‌వే అయినా రోజూ అరగంట బ్యాటింగ్ చెయ్యమని అందుకే పోరుతున్నాను.

పెద్ద జట్లతో ఆడినప్పుడు దెబ్బలు తగులుతాయి. 2025 జనవరిలో అండర్-19 ప్రపంచకప్‌లో మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్ కొడితే ఇక్కడ మేమంతా గంతులేశాం. ఆ వీడియో మళ్లీ చూడు, ఈసారి స్కాట్లాండ్ బౌలర్ల వైపు నుంచి. ఏ బంతికి త్రిష ముందే కదిలింది, ఏ బంతికి ఆగింది, రాసుకో. రేపు ఆ స్థానంలో ఉండేది నువ్వే.

చదువు మానకు. ఈ ఆటతోనే ఇల్లు గడిచే స్థితి చిన్న దేశాల్లో బహుకొద్దిమందికే ఉంది. క్యాంపులో దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో సంతకం పెట్టే ముందే అడుగు. అమెరికాలో మోకాలి ఆపరేషన్ బిల్లు ఎలా ఉంటుందో మీ నాన్నకి తెలుసు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉందని అందరూ ఊదరగొడతారు. మహిళల్లో ఆరు జట్లకే చోటు. కోరుకో, కానీ కాలేజీ సెమిస్టర్లు దాని చుట్టూ పెట్టుకోకు.

మీ నాన్నని బౌండరీ దగ్గర నిలబడి "షార్ట్ వెయ్యమ్మా" అని అరవొద్దను. అక్కడ అవతలి జట్టులో సగం మందికి తెలుగొచ్చు.

డిసెంబర్‌లో వస్తే నాలుగు ప్రాక్టీస్ మ్యాచ్‌లు నేను మాట్లాడి పెడతాను. ఈలోగా నీ బౌలింగ్ వీడియో పంపు, పక్క నుంచి తీసింది. ముందు పాదం ఎక్కడ పడుతోందో చూడాలి.

మీ పెద్దమ్మ