వంశధార పక్కన నీరు దిగని ఒండ్రు పొలం: ముందు మూరెడు లోతు తవ్వి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒడిశాలోని గుణుపురం దిగువన వంశధార నది పక్కన రెండున్నర ఎకరాలు కౌలుకు తీసుకున్నారు. మట్టి ఎండితే పిండిలా రాలుతోంది, తడిస్తే సబ్బులా జారుతోంది. జూన్‌లో వేసిన మొక్కజొన్న జూలై వానలకు పసుపుబారింది, యూరియా వేసినా తేరుకోలేదు. మట్టి పరీక్ష కార్డులో పెద్ద లోపాలేవీ లేవు. ఒకరు ఇసుక తోలించమంటున్నారు, మరొకరు సున్నం చల్లమంటున్నారు.

దయచేసి ఇసుక తోలించకండి. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 600 ఘనపు మీటర్లు, అంటే 800 టన్నులకు పైమాటే. అందులో పదోవంతు ఇసుక కలపాలన్నా 80 టన్నులు కావాలి. అంత ఖర్చు పెట్టినా నీటిని ఆపుతున్న అడుగుపొర అలాగే ఉంటుంది. ఇక సున్నం పులుపు నేలకు మందు. ఉదజని సూచిక (పీహెచ్) బాగా తక్కువగా ఉంటే వేయవలసిందే కానీ, దానితో మీ పొలంలో నీరు దిగదు.

నేను కాశీనగర్ వైపు ఇలాంటి పొలమే పదహారేళ్లుగా చేస్తున్నాను. మొదటి ఏడాది మీకు జరిగిందే నాకూ జరిగింది. వేసవిలో చూసినప్పుడు ఆ మట్టి ఎంత అందంగా ఉందో! రాయి లేదు, గడ్డ లేదు, చేతిలో మెత్తగా నలిగింది. ఇంతకంటే మంచి నేల ఉండదనుకుని మొక్కజొన్న వేశాను. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజుకు ఆకులు పాలిపోయాయి. నత్రజని తక్కువైందనుకుని ఆ తడిలోనే రెండు బస్తాల యూరియా వేశాను, ఫలితం లేదు.

అప్పుడు పక్క పొలం ఒడియా రైతు గునపం తీసుకుని వచ్చారు. పెద్దవారు, మేమందరం ఆయనను ‘అజా’ అని పిలిచేవాళ్లం, ఒడియాలో తాత అని అర్థం. పొలం మధ్యలో మూరెడు లోతు గొయ్యి తవ్వి గోడ చూపించారు. పైన జానెడు మట్టి గోధుమరంగులో ఉంది. దాని కింద బూడిదరంగు మట్టి, అందులో అక్కడక్కడ తుప్పు రంగు మచ్చలు, మిరియాల గింజల వంటి నల్లటి గుళికలు. మేము చూస్తుండగానే గొయ్యి అడుగున నీరు ఊరింది. “ఇది పటు మాటి, నీళ్లు ఇంతవరకు వచ్చి కూర్చుంటాయి” అన్నారు. పటు మాటి అంటే ఏరు తెచ్చి పోసిన సన్న ఒండ్రు.

ఆ మచ్చలే మీ పొలం జాతకం. నేలలో గాలి ఆడుతున్నంతకాలం ఇనుము తుప్పు పట్టి ఎర్రగా, గోధుమరంగుగా ఉంటుంది. నీరు నిండి గాలి కరువైతే అది కరిగి కదిలిపోతుంది, ఆ చోటు బూడిదరంగుకు తిరుగుతుంది. నీరు దిగి మళ్లీ గాలి సోకినచోట, ముఖ్యంగా వేళ్ల దారుల వెంట, తుప్పు మచ్చగా పేరుకుంటుంది. నల్ల గుళికల్లో మాంగనీసు ఎక్కువ. కాబట్టి బూడిదరంగు ఎంత లోతులో మొదలైందో చూస్తే, తడి కాలంలో నీరు ఎంత పైకి వస్తుందో ఎండలు మండే మే నెలలో కూడా చెప్పవచ్చు. మట్టి పరీక్ష కార్డు ఉదజని సూచిక మొదలుకొని బోరాన్ వరకు 12 అంశాలు చెబుతుంది. నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో అందులో ఉండదు. మీ కార్డు తప్పు కాదు, అది చూసేది వేరు.

నేల సర్వే చేసేవారు దీన్ని సిల్ట్ లోమ్ అంటారు. సిల్ట్ అంటే ఇసుకకూ బంకమన్నుకూ నడిమి రేణువు, 0.002 నుంచి 0.05 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. సిల్ట్ లోమ్‌లో ఇది సాధారణంగా సగానికి పైగా ఉంటుంది, బంకమన్ను 27 శాతం దాటదు. ఇంట్లోనే చూసుకోవచ్చు: సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీరు పోసి బాగా గిలకొట్టి కదపకుండా ఉంచండి. ఇసుక నిమిషంలో అడుగున చేరుతుంది. సిల్ట్‌కు కొన్ని గంటలు పడుతుంది, బంకమన్ను మరునాటికి కూడా పూర్తిగా తేరుకోదు. నీరు దిగే తీరును బట్టి అమెరికా సర్వే పద్ధతిలో నేలలకు ఏడు తరగతులున్నాయి. మన పొలాలు అందులో మధ్యకు కాస్త దిగువన, ఐదో తరగతిలో పడతాయి. ఏడాది పొడవునా చిత్తడి ఉండదు, కానీ పైరు పెరిగే కాలంలో నీరు వేళ్లదాకా వచ్చి కొన్ని వారాలు నిలుస్తుంది.

మీ యూరియా ఏమైందో చెప్పాలి. నేలలో యూరియా క్రమంగా నైట్రేటుగా మారుతుంది. గాలి లేని తడిలో సూక్ష్మజీవులు ఆ నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. డబ్బు గాలిలో కలిసిపోయింది అనేది ఇక్కడ అక్షరాలా నిజం. పైగా మోకాలెత్తు రాకముందు మొక్కజొన్న పెరిగే మొగ్గ నేల లోపలే ఉంటుంది, అందుకే లేత పైరు మునిగితే తట్టుకోలేదు. వానాకాలంలో ఈ పొలానికి వరే సరైన పైరు. ఏరు పొంగితే మునిగే చోటైతే స్వర్ణ సబ్-1 అనే వరి రకం చూడండి, రెండు వారాల వరకు మునకను ఓర్చుకుంటుంది. ఆ గుణాన్ని దానికి ఇచ్చిన ఎఫ్‌ఆర్-13ఎ అనే రకం ఒడిశా నాటు వరి నుంచి ఎంపిక చేసినదే. ఈ నేల పుట్టించిన గింజే ఈ నేల వరదకు నిలబడిందన్న మాట తలచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండుతుంది. నాటిన మూడు వారాలకు ఆకులపై తుప్పు రంగు మచ్చలు వస్తే జింకు లోపం కావచ్చు. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ చేస్తే సరిపోతుంది.

ఈ నేల అసలు విలువ కోతల తరువాత తెలుస్తుంది. సిల్ట్ తనలో నీటిని పట్టి ఉంచుతుంది, మీటరు లోతు మట్టిలో పైరుకు అందే నీరు దాదాపు 200 మిల్లీమీటర్లు. దీపం వత్తి నూనెను లాగినట్లు కింది తేమను పైకి లాగుతుంది కూడా. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు ఎకరానికి 16 కిలోల మినుములు చేలోనే చల్లుతాను. ఆ తరువాత ఒక్క తడి కూడా ఇవ్వను. పక్క మెరక పొలాలు నెర్రెలిచ్చే రోజుల్లో నా మినుము పచ్చగా కాయ పడుతుంది. జూలైలో మనల్ని ఏడిపించిన ఆ నీరే జనవరిలో పైరును బతికిస్తోంది.

దుక్కి విషయంలో మాత్రం తొందర పనికిరాదు. పిడికెడు మట్టి తీసుకుని అరచేతుల మధ్య పుల్లలా నలపండి. విరగకుండా అగ్గిపుల్ల అంత సన్నటి పోగు వస్తే ఇంకా పదునుకు రాలేదన్నమాట, ట్రాక్టరు దింపవద్దు. తడిలో తిరిగిన చక్రం కింద గట్టి పొర ఏర్పడి నీటిని ఇంకా పైనే ఆపుతుంది. రోటవేటరుతో పిండి చేయడమూ మంచిది కాదు. సిల్ట్ రేణువులకు పట్టు తక్కువ కాబట్టి వాన చినుకుకు చెదిరి సందులన్నీ పూడుకుంటాయి, ఎండగానే పైన పెచ్చు కడుతుంది. పెసర మొలక దాన్ని చీల్చుకుని రాలేక లోపలే వంగిపోతుంది. చిన్న గడ్డలు ఉండనివ్వండి, గడ్డి పరచండి, పచ్చిరొట్టగా జీలుగ వేసి పూతకు ముందే కలియదున్నండి. నా పొలంలో మార్పు కనిపించడానికి నాలుగేళ్లు పట్టింది.

మురుగు కాలువ తప్పదు. కొండవైపు నుంచి ఊట వస్తుంటే మొదటి కాలువ ఆ గట్టు కిందే పడాలి. నీటి మీద నూనె తెట్టులాంటి రంగుల పొర కనిపిస్తే పుల్లతో కదపండి. పెంకుల్లా పగిలి విడిపోతే అది నూనె కాదు, ఇనుము ఉన్న ఊట నీరు. కాలువ గోడలు నిటారుగా తీయవద్దు. నేను అలా తీసిన కాలువ మొదటి పెద్ద వానకే కూలి పూడిపోయింది. ఇప్పుడు గోడలు బాగా ఏటవాలుగా, రెండడుగుల లోతున ఉన్నాయి. అయినా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వరదకు మొత్తం పూడిక పడి మళ్లీ తీయవలసి వచ్చింది. ఏరు నిండుగా ఉన్నప్పుడు కాలువలో నీరు ఎదురు తన్నుతుంది, ఆ రోజుల్లో చేయగలిగింది ఏమీ లేదు.

కాలువ తవ్వడం మొదలుపెట్టే ముందు పొలంలో ఎగువన ఒకటి, దిగువన ఒకటి గోతులు తవ్వి, బూడిదరంగు ఎంత లోతులో మొదలైందో కొలిచి ఇక్కడ రాయండి. రెండు చోట్లా ఒకే లోతైతే నీరు కింది నుంచి వస్తోంది, ఎగువనే పైకి ఉంటే కొండ ఊట. కాలువ ఎక్కడ పడాలో దాన్నిబట్టి చెబుతాను. దిగువ పొలం రైతుతో మాత్రం ఇప్పుడే మాట్లాడండి, మీ నీరు ఆయన గట్టు పక్కనుంచే పోవాలి.