టెక్ సందేహాలు: మ్యాప్ సాఫ్ట్‌వేర్ మారింది, పాస్‌వర్డు మారలేదు

ప్రశ్న: ఏటా లైసెన్సు కట్టే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఆపేసి మా శాఖ క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి మారింది. పాత ఫైళ్లు తెరిస్తే వీధుల పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి. కాలమ్ పేర్లు సగంలో తెగిపోయాయి. కొత్త సాఫ్ట్‌వేర్ లోపమేనా?

కాదు, లోపం పాత ఫైళ్లలోనే ఉంది. వేర్వేరు శాఖల నుంచి దాదాపు ఇవే మాటల్లో ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది. మీ దగ్గరున్నవి షేప్‌ఫైళ్లు, అంటే ఒక్కో మ్యాపును కొన్ని విడి ఫైళ్లుగా దాచే పాత పద్ధతి. వాటిలో పేర్లూ వివరాలూ దాచే డీబీఎఫ్ భాగం విండోస్‌కు ముందున్న డాస్ కాలం నాటిది. కాలమ్ పేరుకు 10 బైట్లు, ఒక గడిలో రాతకు 254 బైట్లు, అంతకు మించి పట్టదు. అక్షరాలను కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, పక్కన గుడి పెడితే దానికి మరో 3. కాలమ్‌కు ‘వీధి’ అని పేరు పెట్టినా 12 బైట్లవుతుంది. ఇక తెగక ఏమవుతుంది?

పిచ్చి గుర్తులు కనిపిస్తే బతికిపోయినట్టే. అక్షరాలను ఏ పద్ధతిలో (ఎన్‌కోడింగ్) దాచారో చెప్పే సీపీజీ అనే చిన్న ఫైలు కాపీ చేసేటప్పుడు జారిపోయి ఉంటుంది. లేయర్ ప్రాపర్టీస్‌లో సోర్స్ దగ్గర ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి మార్చి చూడండి. అయినా మారకపోతే ఆ పేర్లు యూనికోడ్ రాకముందు ఫాంట్లతో టైప్ చేసినవి కావచ్చు, వాటికి ఫాంట్ కన్వర్టర్ వాడాలి. గడిలో వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం అసలు అక్షరాలు ఎప్పుడో పోయాయి, బ్యాకప్ వెతుక్కోండి.

సరిచేశాక దయచేసి మళ్లీ షేప్‌ఫైల్‌గా సేవ్ చేయకండి. బదులుగా జియోప్యాకేజీ అనే ఫార్మాట్ వాడండి. మ్యాప్ డేటాకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఓజీసీ 2014 నుంచి దాన్ని ప్రమాణంగా ఉంచింది. అంతా ఒకే ఫైల్లో ఉంటుంది కాబట్టి ఒక ముక్క మెయిల్ చేసి మిగతావి మర్చిపోయే గొడవే లేదు.

ప్రశ్న: మా మ్యాపులు సర్వర్‌పై పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఉన్నాయి. క్యూజీఐఎస్ ప్రాజెక్టు ఫైలును బయటి కాంట్రాక్టరుకి పంపాం. అతను తెరవగానే పాస్‌వర్డు అడగకుండానే అన్నీ వచ్చేశాయట. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మారేవాళ్లం!

మీరు మెచ్చుకుంటూ రాశారు, నాకు మాత్రం చదవగానే టెన్షన్ పట్టుకుంది. అడగలేదంటే పాస్‌వర్డు ఫైల్లోనే వెళ్లిందన్నమాట. క్యూజీజెడ్ అనే ఆ ప్రాజెక్టు ఫైలంటే మామూలు జిప్. దాన్ని విప్పితే లోపల క్యూజీఎస్ అనే ఎక్స్‌ఎంఎల్ (ఎవరైనా చదవగల టెక్స్ట్) ఫైలుంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాస్‌వర్డ్ అన్న మాట వెతకండి. సర్వర్ చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డు అన్నీ ఒకే వరుసలో మామూలు అక్షరాల్లో కనిపిస్తాయి. కనెక్షన్ పెట్టేటప్పుడు బేసిక్ ట్యాబులో ‘స్టోర్’ దగ్గర టిక్ పెట్టినందుకు ఫలితమిది. పాస్‌వర్డు మామూలు అక్షరాల్లోనే సేవ్ అవుతుందని సాఫ్ట్‌వేర్ అక్కడ హెచ్చరిస్తుంది. మనం చదవకుండా ఓకే నొక్కుతాం. అసలు ఇంత ప్రమాదమైన టిక్‌ను అంత చేతికందేలా పెట్టడమే నాకు నచ్చని డిజైన్.

పంపిన మెయిల్ డిలీట్ చేస్తే సరిపోతుందనుకోకండి. ముందు పాస్‌వర్డు మార్చండి, ఈరోజే. తర్వాత బేసిక్ బదులు కాన్ఫిగరేషన్స్ ట్యాబు వాడండి. అప్పుడు పాస్‌వర్డు ఎన్‌క్రిప్ట్ అయి మీ కంప్యూటర్లోనే విడిగా ఉంటుంది, దానికి మాస్టర్ పాస్‌వర్డు కాపలా. ప్రాజెక్టు ఫైల్లోకి ఏడక్షరాల ఐడీ ఒక్కటే వెళ్తుంది. కాంట్రాక్టరుకు చదవడానికి మాత్రమే వీలున్న వేరే ఖాతా ఇవ్వండి. ఆఫీసంతా ‘పోస్ట్‌గ్రెస్’ అనే, అన్ని అధికారాలున్న సూపర్ యూజర్ ఖాతాతోనే లాగిన్ అవుతున్నట్టయితే, పొరపాటున ఒక టేబుల్ డిలీట్ అయినా ఎవరు చేశారో తేల్చలేరు. డేటాబేసు వాడే 5432 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉందేమో కూడా నెట్‌వర్క్ వాళ్లను అడగండి.

ప్లగిన్లదీ ఇదే కథ. ప్లగిన్ అంటే క్యూజీఐఎస్‌కు అదనపు పనులు చేర్చే పైథాన్ ప్రోగ్రాం. మీ లాగిన్‌తో మీరు ఏ ఫైలు తెరవగలరో అదీ తెరవగలదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన జిప్‌ను ‘ఇన్‌స్టాల్ ఫ్రమ్ జిప్’ నొక్కి ఎక్కించేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

ప్రశ్న: అందరికీ కనిపించేలా వెబ్ మ్యాపు కోసం ఒక సంస్థ మాకు జియోసర్వర్ (మ్యాపులను వెబ్‌లో అందించే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టి వెళ్లింది. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు, బాగానే నడుస్తోంది. ఏమైనా చేయాలా?

చాలా చేయాలి. 2024లో జియోసర్వర్‌లో సీవీఈ-2024-36401 అనే లోపం బయటపడింది. లాగిన్ అక్కర్లేకుండానే, బయటినుంచి ఎవరైనా సర్వర్‌పై తమ కోడ్ నడిపించగల లోపమది. తీవ్రత 10కి 9.8. వివరాలు బయటికొచ్చిన 11 రోజులకే అమెరికాలో ఒక ఫెడరల్ సంస్థ సర్వర్‌లోకి ఆ దారినే చొరబడ్డారని అక్కడి సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ఏ తేల్చింది. మరో రెండు వారాలకు అదే లోపంతో ఇంకో సర్వర్‌లోకీ దూరారు. మూడు వారాల పాటు ఎవరికీ తెలియలేదు. లోపాన్ని సరిచేసే ప్యాచ్ అప్పటికే ఉంది, వేసే మనిషే లేడు.

అందుకే మీరు రాసిన ‘బాగానే నడుస్తోంది’ నాకు భయం పుట్టిస్తోంది. వెర్షన్ ఎంతో చూసి అప్‌డేట్ చేయించండి. అడ్మిన్ ఖాతాకు ‘జియోసర్వర్’ అనే డిఫాల్ట్ పాస్‌వర్డే ఉందేమో చూడండి. ఇలా అడిగానని చిన్నబుచ్చుకోకండి, ఉండే అవకాశం ఎక్కువ. అడ్మిన్ పేజీ ఆఫీసు నెట్‌వర్క్ దాటి కనబడకూడదు. ఇన్నాళ్లు వదిలేసిన సర్వర్ కాబట్టి, అప్‌డేట్‌కు ముందే ఎవరైనా చొరబడ్డారేమో తెలిసినవాళ్లకు లాగ్‌లు (సర్వర్ దానంతటదే రాసుకునే రికార్డులు) చూపించండి. అనుమానం ఉంటే దాన్ని పక్కన పెట్టి కొత్తది నిలబెట్టడమే మంచిది.

ఉచిత సాఫ్ట్‌వేర్ సురక్షితం కాదని ఈ జవాబును మీటింగుల్లో చూపించేవాళ్లుంటారు. లైసెన్సు కట్టే సాఫ్ట్‌వేర్‌నూ రెండేళ్లు వదిలేస్తే గతి ఇంతే. తేడా ఏంటంటే అక్కడ ఏటా బిల్లు వస్తుంది, ఆ వంకతోనైనా ఎవరో ఒకరు ఫైలు తెరుస్తారు. ఇక్కడ బిల్లు లేదు కాబట్టి ఫైలూ లేదు. లైసెన్సు మిగిలిందని సంబరపడి, ఆ బడ్జెట్‌లో ఒక్క నిర్వాహకుడి జీతానికైనా చోటు పెట్టని అధికారులు ఎందరో! టెండర్లలో సర్వర్ పెట్టి ఇవ్వడం గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ప్యాచ్‌లు ఎవరు, ఎన్ని రోజుల్లో వేయాలో ఒక్క వాక్యం ఉండదు.

ప్రశ్న: క్యూజీఐఎస్ ఏ వెర్షన్ వేసుకోవాలి?

ఎల్‌టీఆర్ (ఎక్కువకాలం లోపాలు సరిచేస్తూ ఉండే వెర్షన్) అని ఉన్నది. నాలుగు నెలలకోసారి వచ్చే కొత్త వెర్షన్ వెంట ఆఫీసు పరుగెత్తనక్కర్లేదు. అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండేలా మాత్రం చూసుకోండి. కొత్తదాంట్లో సేవ్ చేసిన ప్రాజెక్టును పాతదాంట్లో తెరిస్తే కొన్ని సెట్టింగులు చెప్పకుండా పోతాయి.