కింది మెట్టు వాడికి వదిలెయ్

చిన్నీ,

ఈసారి సంక్రాంతికి ఊరు రావడం కుదరదనీ, ఐదో అంతస్తు ఫ్లాట్‌లో బాబుకి పండగంటే ఏం తెలుస్తుందనీ ఫోన్‌లో ఒకటే దిగులుపడ్డావు. ఆన్‌లైన్‌లో ఏదో డెకరేషన్ సెట్ చూశానన్నావు. అది మాత్రం కొనకు. నాలుగేళ్ల పిల్లాడు తయారైపోయిన పండగని రెండు నిమిషాలు చూసి తన బొమ్మల దగ్గరికి పోతాడు. వాడి చేతికి పని తగిలితేనే పండగ వాడిదవుతుంది.

బొమ్మల కొలువుతో మొదలుపెట్టు. దసరాకి పెట్టేవాళ్లు పెట్టుకుంటారు, మనకి సంక్రాంతికే కదా. మూడు మెట్లు చాలు. అట్టపెట్టెలు పేర్చి పాత పట్టుచీర పరిచేస్తే సరి. పై రెండూ నీవి, కింది మెట్టు వాడిది. అక్కడ జేసీబీ పెట్టినా, చక్రం ఊడిన కారు పెట్టినా నువ్వు సర్దకు. నిరుడు మా మనవడు కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన ప్లాస్టిక్ డైనోసార్‌ని నిలబెట్టాడు. రెండూ పెళ్లికి వెళ్తున్నాయట. పేరంటానికి వచ్చినవాళ్లందరికీ ఆ పెళ్లి కథ వాడే చెప్పాడు, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా. ఒకావిడ దగ్గర పెళ్లికొడుకే మారిపోయాడు! మధ్యలో ఎవరో 'ఏనుగుకీ డైనోసార్‌కీ స్నేహమేంట్రా' అన్నారు. పెద్దవాళ్ల నోరు ఆపడం పిల్లల్ని ఆపడం కన్నా కష్టం.

కొత్త బొమ్మ ఒక్కటి చాలు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేస్తారు కాబట్టి చేతిలో దూదిలా తేలిగ్గా ఉంటుంది. ఎలా చేస్తారని అడిగితే చెప్పు: చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారని. అడక్కపోతే చెప్పకు. వాడు నోట్లో పెట్టుకునే రకమైతే రంగు వేసిన బొమ్మలు పై మెట్టు మీదే ఉంచు.

రోజూ రాత్రి ఒక బొమ్మ కథ సగం చెప్పి ఆపెయ్. మిగతాది పొద్దున వాడు చెప్తాడు. 'బొమ్మలు రాత్రి నడుస్తాయా' అంటే అవుననీ కాదనీ అనకు, 'నీకేమనిపిస్తోంది' అని అడుగు. ముక్కనుమ రాత్రి కొలువు ఎత్తేముందు మనింట్లో ఒక బొమ్మని పడుకోబెడతాం కదా, ఆ పని వాడికి అప్పజెప్పు. దుప్పటి కూడా వాడే వెతుక్కుంటాడు.

మీ వీధిలోకి హరిదాసు వస్తే పైనుంచి చూపించడం కాదు, కిందికి తీసుకెళ్లు. వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచు, లేకపోతే గేటు దగ్గరే పంపించేస్తాడు. గ్లాసుడు బియ్యం బాబు చేతికివ్వు. హరిదాసు వంగితే తలమీది అక్షయపాత్రలో వాడే పోయాలి. సగం బియ్యం కింద పడతాయి, పడనీ. ఆ టైమ్‌లో వీడియో పేరుతో 'ఇటు చూడు నాన్నా' అని పిలవకు.

భోగిపళ్లు ఎలాగూ పోస్తావు. నిద్ర మధ్యలో లేపి, గుచ్చుకునే జరీ బట్టలు తొడిగి కూర్చోబెడితే ఏడుపు తప్ప ఏమీ మిగలదు. రేగుపళ్లు, చెరుకు ముక్కలు, చిల్లర డబ్బులు, పూలరేకులు కలిపే పళ్లెం మధ్యాహ్నమే వాడి ముందు పెట్టు. చామంతి రేకులు వాడే తుంచాలి. మరీ చిన్నపిల్లలు వస్తే నానబెట్టిన శనగలు మానేసి రేకులే ఎక్కువ వెయ్. పోయడం కాగానే చిల్లర, రేగుపళ్లు ఏరెయ్, గొంతులో ఇరుక్కుంటే ప్రమాదం.

భోగిమంట మీ అపార్ట్‌మెంట్ వాళ్లు వేస్తారన్నావు. టైర్లు, ప్లాస్టిక్ వేస్తుంటే వాడిని దూరంగా ఉంచు. చీకటితోనే లేవనంటే దుప్పటితో సహా ఎత్తుకెళ్లు. మంటలో వెయ్యడానికి పిడకలు ఇక్కడి నుంచి పార్శిల్ చేస్తున్నాను. చిన్నవే చేశాను, మధ్యలో చిల్లులు కూడా పెట్టాను. దండ గుచ్చలేదు, పురికొస పక్కన పెట్టాను. నువ్వు గుచ్చేసి ఉంచకు.

మీ పిన్ని