కారు కింద తుప్పు కప్పిపెట్టి అమ్మారు, వెనక్కి ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. అమ్మానాన్నలు, పిల్లలతో కలిసి తిరగడానికి గత నెల విజయనగరంలో ఒక ఆటో కన్సల్టెన్సీలో 2012 మోడల్ ఏడు సీట్ల డీజిల్ కారు 3 లక్షల 40 వేలకు కొన్నాను. ఏపీ 31 బండి. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే బానెట్ ఎత్తి చూసి, ఒక రౌండ్ తిప్పి బాగుందన్నాడు. ‘తుప్పు ఏమైనా ఉందా’ అని వాట్సాప్‌లో అడిగితే ‘బాడీ ఒరిజినల్, ఎక్కడా తుప్పు లేదు, టింకరింగ్ జరగలేదు’ అని కన్సల్టెన్సీ ఆయన జవాబిచ్చాడు. మూడు వారాలకు వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చాం. ర్యాంపు మీద కింద నుంచి నీళ్లు కొడుతుంటే నల్ల కోటింగ్ పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. ఎడమ రన్నింగ్ బోర్డులో (తలుపుల కింద పొడవునా ఉండే భాగం) వేలు దూరేంత కన్నం ఉంది. డ్రైవరు కాళ్ల కింద ఫ్లోర్‌కి రేకు ముక్క వెల్డింగ్ చేసి ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ పొగ వదులుతోంది, ఏసీ కూడా అంతంతమాత్రమే. బాడీ పనికి 70 వేలు అవుతుందన్నారు. కన్సల్టెన్సీని అడిగితే ‘అన్నేళ్ల బండి బాబూ, కొత్తదానిలా ఉంటుందేటి? చూసుకునే కదా కొన్నారు’ అంటున్నాడు. డెలివరీ నోట్‌లో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని రాసి ఉంది. 3 లక్షలు కన్సల్టెన్సీ ఖాతాకి పంపాను, 40 వేలు చేతికిచ్చాను. ఆర్సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది. నాకు ఏమైనా దారి ఉందా?

జవాబు: దారి ఉంది. కానీ ముందు ఆ 70 వేల టింకరింగ్ ఆపండి. కొత్త రేకు వేసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టించాక మీ కేసులో చూపించడానికి ఏమీ మిగలదు. ఊడిన పెచ్చుల్ని కూడా పారేయకండి, ఒక కవర్లో పెట్టి దాచండి.

తుప్పు పట్టిన కారు అమ్మడం దానంతట అది నేరమూ కాదు, మోసమూ కాదు. ఉప్పుగాలి తగిలే మన తీరంలో పదేళ్లు దాటిన ఏ బండి కిందకి దూరి చూసినా ఎంతో కొంత తుప్పు కనిపిస్తుంది. సైలెన్సర్ మీద, బోల్టుల మీద, సస్పెన్షన్ ఆర్మ్‌ల మీద పైపైన ఉండే ఎర్ర పొరకి నష్టపరిహారం ఇమ్మంటే ఏ వినియోగదారుల కమిషనూ ఇవ్వదు. మీ కారు సంగతి వేరు. ఇలాంటి కార్లలో కొన్నిటికి లారీకున్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. మీదీ అలాంటిదేనేమో కనుక్కోండి. అలాంటి బండిలో రన్నింగ్ బోర్డు, ఫ్లోర్, ముందు సస్పెన్షన్ బిగించే చోటు, ఇవే బరువు మోస్తాయి, గుద్దుకున్నప్పుడు లోపలివాళ్లను కాపాడతాయి. అక్కడ కన్నం పడిందంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, ప్రాణానికి సంబంధించినది. కన్సల్టెన్సీకి పంపే నోటీసులోనూ, కమిషన్‌కి ఇచ్చే ఫిర్యాదులోనూ ఈ తేడా స్పష్టంగా రాయాలి. ‘కారంతా తుప్పే’ అని రాస్తే అవతలివాళ్లకి నవ్వులాట అవుతుంది. ఏ భాగం, ఎంత కన్నం, ఎక్కడ అతుకు అని రాయండి.

ఇక చట్టం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 17 మోసం అంటే ఏమిటో చెబుతుంది. దాని కింద గుర్రం అమ్మకం ఉదాహరణలున్నాయి. గుర్రానికి జబ్బు ఉందని తెలిసీ అమ్మేవాడు నోరు మెదపలేదు, అది మోసం కాదంటుంది మొదటి ఉదాహరణ. కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందనుకుంటాను’ అన్నాక కూడా ఊరుకుంటే మాత్రం ఆ మౌనం మాటతో సమానమంటుంది మరో ఉదాహరణ. మీ కన్సల్టెన్సీ ఆయన మౌనంగా కూడా లేడు. అడిగితే లేదని రాసిచ్చాడు. దానికితోడు కన్నం మీద కోటింగ్ కొట్టి ఉంది. తెలిసిన విషయాన్ని పని గట్టుకుని కప్పిపెట్టడాన్ని ఆ సెక్షనే విడిగా మోసం కింద చేర్చింది. పైన పటారం లోన లొటారం అన్నమాట!

ఆయన వైపు లాయరు ఎలా వాదిస్తాడో ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే మీ కేసు నిలబడేదీ పడేదీ ఇక్కడే. ‘మెకానిక్‌ను తెచ్చుకున్నాడు, చూసుకున్నాడు, కొన్నాడు’ అంటాడు. ఈ వాదనలో పస ఉంది. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం సెక్షన్ 16 ప్రకారం, సరుకును పరీక్షించి కొన్నవాడు ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత అడగలేడు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో కూడా, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగిన మనిషికి ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉండదన్న మినహాయింపు ఉంది. కానీ చదివేటప్పుడు జాగ్రత్తగా చదవాలి. ఆ మినహాయింపు పొరపాటున చెప్పిన తప్పుడు మాటకీ, మోసపూరితమైన మౌనానికీ వర్తిస్తుంది. పని గట్టుకుని కప్పిపెట్టినదానికి వర్తించదు. పైగా రోడ్డు పక్కన నిలబెట్టిన కారు కింద, కొత్త కోటింగ్ వెనకాల ఉన్న కన్నం బానెట్ ఎత్తి చూసిన మెకానిక్‌కి కనపడే అవకాశమే లేదు. ఆ రోజు ఏం చూశాడో, ఏం చూడలేదో, కారును ర్యాంపు ఎక్కించలేదన్న సంగతితో సహా ఆయన చేత అఫిడవిట్ రాయించండి. మొహమాటపడితే మీకే నష్టం.

డెలివరీ నోట్‌లో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట చూసి టెన్షన్ పడకండి. చట్టం తనంతట తాను కల్పించే నాణ్యత హామీలను అలాంటి షరతుతో తీసేయొచ్చు, అది నిజమే. కానీ మోసానికి ఆ కాగితం రక్షణ ఇవ్వదు.

మీరు వెళ్లాల్సింది శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. కారు విజయనగరంలో కొన్నా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. వాయిదాకోసారి విజయనగరం దాకా తిరగక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ సరుకు కాబట్టి ఈ చట్టం వర్తించదనే మాట కొందరు చెబుతుంటారు, నమ్మకండి. చట్టంలో ‘లోపం’ అంటే, వ్యాపారి ఆ సరుకు గురించి ఏ రూపంలోనైనా చెప్పిన ప్రమాణానికి అది తగ్గి ఉండటం కూడా. పాత కారుకి కొలబద్ద కొత్త కారు కాదు, అమ్మినవాడి మాట. మీ దగ్గర ఆ మాట వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంది. ఆ చాట్ డిలీట్ కాకుండా చూసుకోండి, ఫోన్ మార్చకండి, స్క్రీన్‌షాట్లకి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి.

నోటీసు అందాక ఆయన ఇంకో మాట అంటాడు చూడండి, ‘మేము మధ్యవర్తులం మాత్రమే, అమ్మింది ఆర్సీలో ఉన్నాయన.’ అప్పుడు పనికొచ్చేది మీ బ్యాంకు స్టేట్‌మెంట్. 3 లక్షలు కన్సల్టెన్సీ ఖాతాలో పడ్డాయి కాబట్టి వ్యాపారి ఆయనే. మధ్యవర్తినని ఒప్పుకున్నా కమీషన్ తీసుకుని చేసింది సేవే, అందులో లోపానికి జవాబుదారీ ఆయనదే. పాత యజమానిని కూడా ప్రతివాదిగా చేర్చండి. కారు ఆయన చేతి నుంచి వెళ్లినప్పుడు కోటింగ్ ఉందో లేదో ఆయన చెప్పే ఒక్క మాటతో కేసు తేలిపోవచ్చు. చేతికిచ్చిన 40 వేలు డెలివరీ నోట్‌లో చూపించారో లేదో చూసుకోండి. లేకపోతే మొత్తానికి బిల్లు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

ఇంజిన్ పొగ, ఏసీ సంగతి ఫిర్యాదులో కలపొద్దని నా సలహా. పన్నెండేళ్లు దాటిన డీజిల్ బండి పొద్దున్నే పొగ వదలడం అరుగుదలలో భాగమంటారు, మీ మెకానిక్ బాగుందన్న మాటే మీకు అడ్డం తిరుగుతుంది. గట్టి ఆరోపణ పక్కన బలహీనమైనది పెడితే మొదటిదాని బరువూ తగ్గుతుంది. ఇన్సూరెన్స్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. తుప్పు, అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ పాలసీ పరిధిలోకి రావు.

సాక్ష్యం ఇలా తెచ్చుకోండి. అధీకృత సర్వీస్ సెంటర్లో కారును లిఫ్టు ఎక్కించి తేదీతో ఫొటోలు, వీడియో తీయించండి, రాతపూర్వక ఎస్టిమేట్ తీసుకోండి. లైసెన్సున్న ఇన్సూరెన్స్ సర్వేయర్ చేత రిపోర్టు రాయిస్తే మరీ మంచిది. అతుకు కొత్తదా పాతదా, కోటింగ్ ఎప్పుడు కొట్టినట్టుంది అన్న ప్రశ్నలకు రిపోర్టులో జవాబుండాలి. పనిలో పనిగా కార్పెట్ ఎత్తించి చూడండి. సీటు పట్టాలలో, స్పేర్ వీల్ గుంటలో ఎండిన బురద, సన్నటి ఇసుక కనిపిస్తే కారు నీట మునిగి ఉండొచ్చు. ఏపీ 31 అంటే విశాఖ బండి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. అంత మాత్రాన మీ కారు మునిగిందని అనలేం గానీ, పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత ఉందో చూస్తే కొంత తెలుస్తుంది. వరసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. సున్నా అని ఉంటే దగ్గర్లో ఏదో క్లెయిమ్ జరిగిందేమో ఆరా తీయాల్సిందే.

ఆర్సీ విషయం మీరు చివర్లో రాశారు గానీ నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి. యజమాని పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో పెట్టుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఈలోగా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి పాత యజమాని మీ మీద పడతాడు. అదే చట్టం సెక్షన్ 157 వల్ల థర్డ్ పార్టీ రక్షణ, అంటే మీ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, మీకు బదిలీ అయినట్టే లెక్క. కానీ పాలసీ మీ పేరుకి మారకుండా సొంత కారు డ్యామేజీకి క్లెయిమ్ వేస్తే చిక్కే, అందుకు 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే కారును ఒప్పుకున్నట్టు అవుతుందన్న అనుమానం మీకుంటే, ముందు లీగల్ నోటీసు పంపండి. చట్టం పాటించడం కోసమే ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటున్నానని, కారును వెనక్కి ఇచ్చే హక్కు వదులుకోవడం లేదని అందులోనే రాయండి. ఆ తర్వాత దరఖాస్తు పెట్టండి.

కారును మాత్రం ఇంటి దగ్గర నిలిపేయండి. లోపం తెలిశాక కూడా ఆరు నెలలు తిరిగి, తర్వాత వెనక్కి తీసుకోమంటే, ఒప్పుకున్నట్టేనంటారు. ఆ ఫ్లోర్ మీద పిల్లల్ని కూర్చోబెట్టి అరసవల్లి దాకా వెళ్లడం కూడా వద్దు. ఇంకో సంగతి, 2012లో రిజిస్టరైన కారుకి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి బండిని తనిఖీ చేయించాలి. ఫ్లోర్‌కి రేకు అతికించిన బండి అక్కడ ఆగిపోయే ప్రమాదం ఉంది. ‘ఇంకా అయిదారేళ్లు ఢోకా లేదు’ అని కూడా వాళ్లు అని ఉంటే, దాన్నీ నోటీసులో చేర్చండి.

నోటీసు అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపి 15 రోజులు గడువివ్వండి. మొదటి కోరిక కారు వెనక్కి తీసుకుని 3 లక్షల 40 వేలు వడ్డీతో ఇవ్వడం. అది కుదరకపోతే రిపేరు ఖర్చు, పరిహారం. రెండూ అడగొచ్చు, అయితే ‘ప్రత్యామ్నాయంగా’ అన్న మాట వాడాలి. జవాబు రాకపోతే ఫిర్యాదు ఇ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. సరుకుకి ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. లాయరు తప్పనిసరి కూడా కాదు (ఈ మాట అంటే మా లాయర్లకి నామీద కోపమొస్తుంది). సరుకు పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, కానీ అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి. అందుకే కన్సల్టెన్సీ రాజీకి వస్తే కొట్టిపారేయకండి. కమిషన్‌లోనే మీడియేషన్ అవకాశం ఉంది.

పోలీస్ స్టేషన్‌లో చీటింగ్ కేసు పెడతానని బెదిరించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. భారతీయ న్యాయ సంహిత (నేరాల చట్టం) సెక్షన్ 318 కింద మోసం నేరమే గానీ, ఇలాంటివాటిని సివిల్ తగాదా అని పక్కన పెట్టడం ఎక్కువ. ఎవరైనా ఇదే కారును కన్సల్టెన్సీ లేకుండా నేరుగా ఓ ఉద్యోగి దగ్గరో, పక్కింటాయన దగ్గరో కొని ఉంటే వినియోగదారుల కమిషన్ దారి దాదాపు మూసుకున్నట్టే, ఎందుకంటే ఆయన వ్యాపారి కాదు. అప్పుడు సివిల్ కోర్టుకి వెళ్లాలి. మోసం కేసుల్లో మూడేళ్ల గడువు మోసం బయటపడిన రోజు నుంచి లెక్క.