35 అంటే తెలుసు, తర్వాత ఏం చేయాలో తెలియలేదు

ప్రశ్న: మాది అనంతపురం. బీసీఏ తర్వాత బెంగళూరులో మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) కోర్సు చేశాను. అందులో వాడే కోబాల్ భాషలో ఫైల్ స్టేటస్ కోడ్‌లన్నీ (ఫైల్‌తో చేసిన పని ఏమైందో చెప్పే రెండంకెల నంబర్లు) బట్టీ పట్టాను. ఇంటర్వ్యూలో 35 అంటే ఫైల్ దొరకలేదని చెప్పాను. ‘‘మరి నీ ప్రోగ్రాం ఏం చేయాలి?’’ అన్నారు. నోరు పెగల్లేదు. ఇంకేం చదవాలి?

జవాబు: పట్టిన బట్టీ చాలు. వాళ్లు అడిగింది కోడ్ అర్థం కాదు, మీ నిర్ణయం. 35 వస్తే ఫైల్ పేరు, కోడ్ డిస్‌ప్లే చేసి, రిటర్న్ కోడ్ (పని ఎలా ముగిసిందో సిస్టమ్‌కు చెప్పే నంబరు) పెంచి ప్రోగ్రాం ఆపేయాలి. తర్వాత జేసీఎల్‌లో (ప్రోగ్రాంని నడిపించే ఆదేశాల్లో) ఆ ఫైల్‌కు డీడీ (అసలు ఫైల్ ఏదో చెప్పే లైను) ఉందా, పేరు సరిపోయిందా చూడాలి. ఒక్క రికార్డు కూడా ఎక్కించని వీశామ్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో రికార్డులు దాచే పద్ధతి) ఫైల్‌ని ఇన్‌పుట్‌గా తెరిచినా 35 వస్తుంది. ఈ మాట చెప్పి ఉంటే అవతలివాళ్లు తప్పకుండా తలెత్తి చూసేవాళ్లు.

అన్ని కోడ్‌లకూ ఆపడమే మందు కాదు. 10 అసలు తప్పే కాదు, ఫైల్ అయిపోయిందంతే. 23 అంటే ఆ కీతో (రికార్డును గుర్తించే ఖాతా నంబరు లాంటిది) రికార్డు లేదు. డబ్బు తీసే లావాదేవీలో అలా వస్తే ఆ ఒక్కదాన్ని రిజెక్ట్ ఫైల్‌లో రాసి ముందుకు పోవాలి. కొత్త ఖాతా తెరిచేటప్పుడైతే మనకు కావాల్సిందే 23, ఆ నంబరుతో ఖాతా ఇంకా లేదని! ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో వీశామ్ ఫైల్ తెరిచినప్పుడు 97 వస్తే అది సక్రమంగా తెరుచుకున్నట్టే. 00 (అంతా సవ్యం) ఒక్కటే చూసే ప్రోగ్రాం అక్కడ అనవసరంగా ఆగిపోతుంది.

కోర్సుల్లో పెద్దగా చెప్పని సంగతి ఇంకోటుంది. సెలెక్ట్‌లో (ప్రోగ్రాంలో ఫైల్‌ని పరిచయం చేసే వాక్యంలో) ఫైల్ స్టేటస్ పెట్టి, దాన్ని చూడకుండా వదిలేస్తే చాలా తప్పులకు ప్రోగ్రాం ఆగదు, చప్పుడు లేకుండా సాగిపోతుంది. ఎట్ ఎండ్ (ఫైల్ అయిపోతే ఏం చేయాలో చెప్పే భాగం) కూడా రాయకపోతే 10 తర్వాత మళ్లీ చదవబోయి 46 వస్తుంది, లూప్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఓపెన్, రీడ్, రైట్, క్లోజ్ ప్రతిదాని తర్వాతా స్టేటస్ చూడాలి.

టెన్షన్ పడకండి. గ్నూకోబాల్ అనే కోబాల్ కంపైలర్ ఉచితం, ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. ఫైల్ తీసేసి 35, ఓపెన్ చేయకుండా చదివి 47, ఉన్న కీనే మళ్లీ రాసి 22 రప్పించండి. ప్రతిసారీ ఆపాలా, సాగాలా అన్నది, ఎందుకో కూడా, పైకి చెప్పుకుంటూ ప్రాక్టీస్ చేయండి. తెలుగులో చెప్పుకున్నా పర్వాలేదు.