పర్లాకిమిడి కౌన్సెలింగ్: రెండుసార్లు వెళ్లినా తలుపు తీయలేదంటే

మీరు తట్టింది వీధి తలుపు అయివుంటుంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో కౌన్సెలింగ్ జరిగే పాత మేడకు అపాయింట్‌మెంట్ తీసుకునే వెళ్లి, ఎవరూ పలకక వెనుదిరిగానని రాశారు. అలాంటి పాతకాలపు మేడల్లో వీధి తలుపు చాలాచోట్ల మూసే ఉంటుంది. లోపలికి దారేమో పక్క సందులోంచి, పెరటి మెట్ల మీదుగా. పైగా లోపల మరొకరు ఉంటే కౌన్సెలర్ ఫోను ఎత్తరు, మధ్యలో లేచి రారు. అది నిర్లక్ష్యం కాదు, పద్ధతి.

1. ముందురోజే ఫోను చేసి ఏ తలుపో, ఏ మెట్లో అడగండి.

2. చాలామంది మరిచేది భాష. ఇక్కడ తెలుగు రానివారెవరులే అనుకుంటాం. బజారులో బేరమాడే తెలుగు వేరు, మనసులో బరువు దించుకునే తెలుగు వేరు. "పూర్తిగా తెలుగులోనే మాట్లాడవచ్చా?" అని సూటిగా అడగండి. నేను అడగకుండా వెళ్లి, ‘దిగులు’కు ఒడియా మాట వెతుక్కుంటూ సగం సమయం పోగొట్టుకున్నాను.

3. గోడలు మందమే, కానీ పైన వెంటిలేటరు తెరిచి ఉంటే మాట వరండాలోకి వినిపిస్తుంది. మూయమనండి, మొహమాటం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించింది.

ఈలోగా ఆగలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, రాత్రైనా పలుకుతారు, తెలుగు ఎంచుకోవచ్చు.